పదకొండు అరలు

మూడు క్యాసెట్లను పక్కపక్కన నిలబెట్టి స్కేలు ఆనించి చూశాడు ఆదాం. సరిగ్గా రెండు అంగుళాలు. నమ్మకం కుదరక ఇంకో మూడు తీసి కొలిచాడు. అవీ అంతే. నూట ఎనభై క్యాసెట్లకు పది అడుగుల జాగా కావాలి. నాలుగు వరసలుగా, వరసకు మూడడుగులు వేసుకుంటే, అడ్డపలకల మందం పోను ఇంకా కాస్త మిగులుతుంది. చెవి మీది పెన్సిలు తీసి ఆ లెక్కను గోడకు ఆనించిన వేపపలక మీదే రాసుకున్నాడు.

"మొత్తం పదకొండు అరలు రావాలి ఆదాం," అన్నారు రామచంద్రమూర్తి గారు. "అన్నీ ఒక కొలత కాదు. ఏ అరలో ఎన్ని పట్టాలో ఇందులో రాశాను, చూడు."

ఆయన ఇచ్చిన కాగితం మీద పదకొండు పేర్లున్నాయి. అక్షరాలు బడి పలక మీద రాసినంత గుండ్రంగా ఉన్నాయి. యలమందయ్య గారి పాటలు ముప్ఫై మూడు. సుబ్బారాయుడు గారి పాటలు ఇరవై నాలుగు. ఆ వరసలో ఉన్న పేర్లన్నీ ఆదాం ఎరిగినవే. అందరూ చుట్టుపక్కల మిరప, పత్తి వేసే రైతులు. వాళ్లలో ఒక్కరు కూడా పాట పాడగా ఆదాం వినలేదు.

తెలుగు పండితుడిగా రిటైరయిన దగ్గర్నుంచి ఆరేళ్లపాటు రామచంద్రమూర్తి గారు భుజానికి టేపురికార్డరు తగిలించుకుని, సైకిలు తొక్కుకుంటూ పొలాల వెంట తిరిగారు. మిరపకోతల్లో, పత్తితీతల్లో ఆడవాళ్లు పాడే పాటలు గట్టు మీద నిలబడి పట్టుకొచ్చారు. ఎండనబడి ఎందుకు తిరుగుతాడో తెలియక ఊళ్లో నవ్వినవాళ్లు నవ్వారు. ఇప్పుడు ఆ పాటల సంగతి గుంటూరు దాకా పాకింది. వచ్చే ఆదివారం శేషాచలం గారనే ఆచార్యుడు వస్తున్నారు. జాబితా రాసుకుని వెళ్లి పుస్తకంలో అచ్చు వేస్తారు. అందుకని అట్టపెట్టెల్లో ఉన్నవన్నీ ఒక వరసలో కనబడేలా శనివారానికల్లా ర్యాకు తయారు కావాలి.

ఏ పాట ఎవరిదో ఎట్లా తెలుస్తుందని అడిగాడు ఆదాం. అడిగినందుకు మాస్టారు సంతోషించారు.

"పాటే చెబుతుంది. పూర్వం కవి కావ్యం రాసి రాజుకు అంకితమిచ్చేవాడు. ఆ రాజును కృతిభర్త అనేవాళ్లు. ఈ పాటల్లోనూ అంతే, చివరి చరణంలో ఒక కామందు పేరు వస్తుంది. ఆ పేరును పట్టుకుంటే ఏ పాట ఎవరిదో తేలిపోతుంది. ఆ ముడి విప్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది."

ఆదాం తలూపి రంపం అందుకున్నాడు. మిషను వర్క్‌షాపులో పని నేర్చుకుని పన్నెండేళ్లయింది. ఈ పన్నెండేళ్లలో అతని చేతికి వచ్చినవి మంచాలు, శవపేటికలు, ప్రార్థన గుడి బల్లలు. నలుగురూ వచ్చి కూర్చునే హాలులో నిలబెట్టే వస్తువు చేయమని పిలిచిన మొదటి మనిషి ఈయనే. పని నచ్చితే బడికి కావలసిన బెంచీల విషయం హెడ్మాస్టరుతో మాట్లాడతానని కూడా అన్నారు.

మంగళవారం, బుధవారం వసారాలో చిత్రిక పట్టాడు. వేపచెక్క చేదువాసన ముక్కుకు తగులుతుంటే పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి మోకాళ్ల మీద పడుతోంది. లోపల మాస్టారు జాబితా సరిచూసుకుంటూ ఒక్కో క్యాసెట్టూ పెట్టి వింటున్నారు. రెండో పాట సగానికి వచ్చేసరికి తన చిత్రిక పాట వేగానికి నడుస్తోందని ఆదాం గమనించాడు. కావాలని చేసింది కాదు. చేయి దానంతటదే ఆ దారి పట్టింది.

పండు మిరపకాయ కోసే చేయి మండేనోయమ్మా
మండే చేతికి మందేదమ్మా మజ్జిగేనోయమ్మా

ఆ గొంతు తన అత్త దీనమ్మది. చరణం తేల్చే ముందు చిన్నగా దగ్గి మళ్లీ అందుకుంటుంది. ఆ దగ్గు కూడా టేపులో ఉంది. ఆదాంకు నవ్వొచ్చింది. ఇంట్లో అల్లుణ్ణి దెప్పే గొంతు మాస్టారి హాలులో ఇంత దర్జాగా వినబడుతోంది. చివరి చరణంలో యలమందయ్య గారి పేరు వచ్చింది. ఆ తర్వాత మాస్టారు వేరే క్యాసెట్టు పెట్టారు. అదే పాట, అదే గొంతు, అదే దగ్గు. చివర మాత్రం సుబ్బారాయుడు గారి పేరు. బుధవారం మధ్యాహ్నానికి ఆ పాటే ఇంకో మూడు పేర్లతో వినబడింది. ఆదాం చిత్రిక ఆపి చెవి అటు పెట్టాడు.

గోడకు మట్టం చూడాలని లోపలికి వెళ్లినప్పుడు క్యాసెట్ల వెన్ను మీద అంటించిన చీటీలు కంటబడ్డాయి. వంగి ఒకటి చదివాడు. యలమందయ్య గారి పాట. పాడినవారు: కూలి స్త్రీలు. పేర్లు తెలియవు. పక్కది చూశాడు. దాని పక్కది చూశాడు. కామందు పేరు మారుతోంది గాని కింది రెండు ముక్కలూ మారడం లేదు. బయటికి వచ్చి మళ్లీ పనిలో కూర్చున్నాడు. పొద్దున నూరిన పదునే, కాని చిత్రిక చెక్కను అడ్డంగా పీకింది. ఆ పలకను పక్కన పెట్టి ఇంకోటి తీసుకోవలసి వచ్చింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి దీనమ్మ గడప ముందు కూర్చుని మజ్జిగ గిన్నెలో రెండు చేతులూ ముంచి ఉంది. పొద్దుటి నుంచి కల్లంలో మిరప తాలుకాయలు ఏరి ఏరి ఆమె వేళ్లు ఉబ్బాయి. అతని భార్య రెబ్కా పొయ్యి రాజేస్తోంది.

"ఏందయ్యా అల్లుడూ, పంతులుగారింట్లో పని చేస్తే మొహం ఇట్టా వేలాడుద్దా?" అంది దీనమ్మ.

ఆదాం కాళ్లు కడుక్కుని వచ్చి జరిగింది చెప్పాడు. యలమందయ్య గారి పాట అన్న మాట వినేసరికి ఆమె గిన్నె తొణికేదాకా నవ్వింది. ఆ మహానుభావుడు గొంతెత్తితే ఎద్దులు నాగలి వదిలి పారిపోతాయని, ఆయనకెక్కడి పాటని అంది.

"పొలం మారితే పేరు మారుద్దయ్యా. కామందు పేరు పెట్టి పాడామనుకో, మధ్యాహ్నం మజ్జిగ చిక్కంగా వస్తది. పెట్టలేదనుకో, ఉత్త నీళ్లే. అంతే దాని కత. పాటంతా ఒకటేగా. తుపాను వచ్చిన ఏడు నేను కట్టుకున్నా. నేను ఎత్తితే అమీర్‌బీ, సంతోషకుమారి అందుకునేవాళ్లు."

ఆదివారం గుంటూరు ఆచార్యుడు వస్తాడని, జాబితా అచ్చవుతుందని, అందులో పాడినవాళ్ల పేర్లు తెలియవని ఉంటుందని ఆదాం చెప్పాడు. దీనమ్మ నవ్వు ఆగిపోయింది. చేతులు గిన్నెలోంచి తీసి చీరకు తుడుచుకుంది.

"తెలియకపోవడమేంది? ఆయనకి రెండు బారల దూరంలో ఉన్నాగా," అంది. గిన్నె పక్కకు జరిపి మళ్లీ తనే అంది. "నన్ను అడగలా. గట్టు మీద నిలబడి కామందుని అడిగాడు, ఎవరండీ ఆ పాడేదని. మా కూలోళ్లేలెండి అన్నాడాయన."

మరి నువ్వు చెప్పవా అంది రెబ్కా మొగుడితో. అంటూనే బెంచీల పని గుర్తొచ్చి, ఆ పని చేతికి వచ్చేదాకా నోరు మెదపకపోవడమే మంచిదేమో అంది. దీనమ్మ కూడా కూతురి మాటే సరైనదంది. అచ్చులో పేరుంటే తను చదవగలదా పెట్టగలదా, అల్లుడు తన పని తను చూసుకోవాలి. కాని అన్నం సగంలో వదిలేసి లేచింది. గిన్నెలు తోముతున్న రెబ్కా పక్కన నిలబడి, అచ్చేసిన పేరు ఎన్నాళ్లుంటుందని అడిగింది. పుస్తకం ఉన్నన్నాళ్లూ ఉంటుందంది రెబ్కా.

గురువారం అడ్డపలకలు అతకాలి. కుంపటి మీద చెక్క అతికే వజ్రం బంక కరుగుతోంది. మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డప్పుడు ఆదాం కలియబెడుతున్న పుల్ల ఆపకుండానే అన్నాడు. "మాస్టారండీ, ఒక్క పాటే అన్ని అరల్లోనూ ఉన్నట్టుందండీ."

రామచంద్రమూర్తి గారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. "వరస ఒకటి కావచ్చు. కృతులు వేరు. ఒకే ఛందస్సులో ఎన్ని పద్యాలు లేవు? చెక్క సంగతి నువ్వు చూడు, పాట సంగతి నేను చూసుకుంటాను."

ఆ మాటలో విసురేమీ లేదు. తరగతిలో తప్పు లెక్క చేసిన పిల్లవాడికి చెప్పినట్టే చెప్పారు. విసురు ఉంటే ఆదాంకు బదులు చెప్పడం తేలికయ్యేది. అది మా అత్త పాటండీ అన్న మాట గొంతు దాకా వచ్చింది. బెంచీలు గుర్తొచ్చాయి. మాట మింగేసి మొదటి పలకకు బంక రాసి గాడిలో దిగ్గొట్టాడు. పక్కలకు పొంగిన బంకను తడిగుడ్డతో తుడిచాడు. నాలుగు వరసలకు ఏడు అడ్డపలకలు, పదకొండు అరలు. ఒక్కోటి దిగుతుంటే ఒక్కో కామందు గది తయారవుతోంది. పని ఇంత నున్నగా కుదిరి ఇంత రోత పుట్టించడం అతనికి ఎప్పుడూ జరగలేదు.

శుక్రవారం ర్యాకును హాలులో గోడకు ఆనించి నిలబెట్టారు. వార్నీషు ఇంకా వేయాలని ఆదాం చెబుతున్నా మాస్టారికి ఓపిక పట్టలేదు. క్యాసెట్లన్నీ తెచ్చి స్వయంగా సర్దుకున్నారు. నాలుగు వరసలూ నిండాయి. వంటింట్లోంచి మాస్టారి భార్య కామేశ్వరి గారు వచ్చి చూసి, ఇన్నాళ్లకు అట్టపెట్టెల పీడ వదిలిందన్నారు. పని బాగుందని మాస్టారు రెండు సార్లు అన్నారు. హెడ్మాస్టరుకు ఇప్పటికే కబురు చేశానన్నారు. ఆదాం చేతులు జోడించి ఇంటికొచ్చి, జరిగింది, తను నోరు విప్పని సంగతితో సహా, దాచకుండా చెప్పాడు. దీనమ్మ ఊఁ అని మాత్రం అంది.

శనివారం పొద్దున వార్నీషు డబ్బా పట్టుకుని వెళ్లేసరికి మాస్టారు నిద్రలేని కళ్లతో కూర్చుని ఉన్నారు. సుబ్బారాయుడు గారి అరలోని ఒక క్యాసెట్టు చివరి చరణం రాకముందే ఆగిపోతోంది. టేపు అయిపోయి ఉంటుంది. పేరు వినకుండానే దాన్ని ఏ ఆధారంతో ఆ అరలో పెట్టానో గుర్తు రావడం లేదని, రేపు ఆచార్యులవారు అడిగితే ఏం చెప్పాలని ఆయన బాధ. పన్నెండో అర ఒకటి, ఒక్క క్యాసెట్టు పట్టేంత సన్నగా, చేయడానికి వీలవుతుందా అని అడిగారు. అవుతుందండీ అన్నాడు ఆదాం.

రోజూ మధ్యాహ్నం రెబ్కా క్యారేజీ తెచ్చేది. ఆ రోజు దీనమ్మ తెచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. ఆదాం లేచి చేతులు కడుక్కున్నాడు. ఆమె అతని వైపు చూడకుండా క్యారేజీ అతని ముందు పెట్టి, వసారా చివర పొట్టు కుప్ప పక్కన కూర్చుంది. లోపల మాస్టారు ఆ క్యాసెట్టే మళ్లీ వింటున్నారు. పాట సాగి సాగి టక్కున ఆగింది. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టారు. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి ఆగినప్పుడు దీనమ్మ కూర్చున్న చోటి నుంచే అంది.

"అది ఆడికే అయిపోయిందయ్యగారూ. టేపు నిండిందని మీరు సైకిలెక్కి పోయారు. మేం ఆ సాలు చివరికంటా పాడతానే ఉన్నాం."

రామచంద్రమూర్తి గారు గుమ్మంలోకి వచ్చారు. "నువ్వు ఆ రోజు పొలంలో ఉన్నావా అమ్మా?"

"నేను లేకపోతే పాడేదెవరు?"

ఆయన ఆదాం వైపు చూశారు. అతని చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది. "మా అత్తండీ," అన్నాడు ఆదాం. నాలుగు రోజులుగా మోస్తున్న మాట బయటపడ్డాక అతనికి ఏమీ అనిపించలేదు. ఇక ఏమైనా కానీ అనుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

మాస్టారి మొహం వెలిగింది. పరుగులాంటి నడకతో లోపలికెళ్లి రికార్డరు తెచ్చి, కొత్త టేపు వేసి దీనమ్మ ముందు పెట్టారు. ఆ చివరి చరణం ఒక్కటి పాడితే చాలని, అందులో ఏ పేరు వస్తుందో తెలిస్తే తన చిక్కు తీరుతుందని అన్నారు. మధ్యలో నుంచి ఎత్తుకోవడం తనకు రాదంది దీనమ్మ. సరే, మొదటి నుంచే పాడమన్నారు. ఆమె గొంతు సవరించుకుని అందుకుంది. కళ్లు ఎక్కడో దూరంగా నిలిచాయి. రెండు చేతులూ ఒళ్లో నుంచి లేచి గాలిలో కాయలు తుంచుతున్నాయి, కుడి చేయి ఒకటి, ఎడమ చేయి ఒకటి. ఇంట్లో ఎప్పుడూ ఇలా పాడగా ఆదాం చూడలేదు. తినడం మర్చిపోయాడు. చివరి చరణం దగ్గర పడుతుంటే మాస్టారు పెన్సిలు చేతపట్టి ముందుకు వంగారు. దీనమ్మ చిన్నగా దగ్గింది. ఒక్కసారి స్తంభాల వైపు, చూరు వైపు చూసి ఎత్తుకుంది.

రామచంద్రమూర్తి గారి వసారాలోనమ్మా
చల్లని దొరలు చిక్కని మజ్జిగ పంపారోయమ్మా

పెన్సిలు కాగితం మీద ఆగిపోయింది. అంతలో లోపలి నుంచి కామేశ్వరి గారు ఇత్తడి గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, భర్త మొహం చూసి అక్కడే నిలబడిపోయారు. గ్లాసులో మజ్జిగ ఉంది. దీనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"చూశారా అయ్యగారూ, వచ్చింది."

కామేశ్వరి గారికీ నవ్వు ఆగలేదు. మాస్టారు నవ్వలేదు. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆయన వంగి దాన్ని ఆపారు.

"ఇది నాకు అంకితమిచ్చిన పాట కాదుగా అమ్మా," అన్నారు నెమ్మదిగా.

"చోటు మీదయ్యా. పాట నేను కట్టుకుంది." దీనమ్మ గ్లాసు అందుకుని తాగింది. "పదకొండు చోట్ల పాడినా అదే పాట. ఇప్పుడు పన్నెండు."

ఆయన లేచి లోపలికెళ్లారు. ర్యాకు ముందు నిలబడి పైవరస నుంచి కిందివరస దాకా అడ్డపలకల అంచుల మీద వేలు నడిపారు. ఒక చోట ఆగి ఒక చీటీ చదివి, ఇంకో చోట ఆగి ఇంకో చీటీ చదివారు. ఆ వీపును చూస్తూ ఆదాం క్యారేజీ మూత పెట్టేశాడు. దీనమ్మ కూడా ఇక నవ్వడం లేదు. ఎక్కువ మాట్లాడానా అన్నట్టు అల్లుడి వైపు చూసింది. లేదని అతను తల అడ్డంగా ఊపాడు.

మాస్టారు తిరిగి వచ్చి అడిగిన మొదటి మాట ర్యాకు గురించే. "ఆదాం, అతికిన పలక మళ్లీ ఊడుతుందా?"

"వేడినీళ్లు పోస్తే వజ్రం బంక విడుస్తుందండీ. ఇంకా వార్నీషు పడలేదుగా."

"ఎన్ని ఊడతాయి?"

"అన్నీ ఊడతాయండీ."

"అయితే అన్నీ తీసెయ్యి." తర్వాత దీనమ్మ వైపు తిరిగారు. ఈసారి నిలబడి కాకుండా, పొట్టు పక్కకు జరిపి నేల మీద కూర్చున్నారు. "గొంతు విని ఏ పాట ఎవరు పాడిందో చెప్పగలరా అమ్మా?"

"చెప్తా. కాని నేనొక్కదాన్నే చెబితే అమీర్‌బీ ఊరుకోదు."

అయితే ఆమెను కూడా రేపు రమ్మన్నారు. సంతోషకుమారిని కూడా రమ్మన్నారు.

కామేశ్వరి గారు రెండు బిందెల నీళ్లు కాచారు. అతికిన చోటల్లా గుడ్డ తడిపి వేసి, బంక మెత్తబడేదాకా ఆగి, కొయ్యసుత్తితో కింది నుంచి చిన్నగా తట్టాడు ఆదాం. మొదటి పలక రావడానికి చాలా సేపు పట్టింది. తర్వాతవి తేలిగ్గా వచ్చాయి. తను కట్టిన పనిని తనే విప్పడం ఏ వడ్రంగికీ ఇష్టముండదు. ఆ సాయంత్రం అతను మాత్రం ఈల వేసుకుంటూ విప్పాడు. బెంచీల మాట మాస్టారూ ఎత్తలేదు, అతనికీ గుర్తు రాలేదు.

ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక దీనమ్మ, సంతోషకుమారి అటు నుంచే నేరుగా వచ్చారు. అమీర్‌బీ మనవరాలి చేయి పట్టుకుని వచ్చింది. హాలులో చాప పరిచి క్యాసెట్లన్నీ దాని మీద పోసి, ఒక్కోటీ పెట్టి వినడం మొదలయింది. గొంతు వినబడగానే పేరు చెప్పేస్తారనుకున్నారు మాస్టారు. అలా జరగలేదు. అమీర్‌బీ ఎత్తిన పాటను దీనమ్మ తనదంది. ఆ ఏడు నీ గొంతు పట్టేసి పలకలేదుగదే, నేనే ఎత్తానని అమీర్‌బీ గుర్తు చేసింది. ఇద్దరూ కలిసి సంతోషకుమారిని సాక్ష్యం అడిగారు. ఆమె ఇంకో పాటను, తోటలో పాము కరిచి పోయిన దుర్గి పాటను, గుర్తు చేసింది. మాస్టారు ఆ పేరు కూడా రాసుకున్నారు.

పదకొండు గంటల బస్సుకు శేషాచలం గారు దిగారు. గుమ్మంలో చెప్పులు విడిచి, ఖాళీ ర్యాకును, నేల మీది క్యాసెట్లను, వాటి మధ్య కూర్చున్న ముగ్గురు ఆడవాళ్లను చూసి తెల్లబోయారు. జాబితా సిద్ధంగా ఉందని రాశారు కదా అన్నారు.

"రాసింది తప్పు. ఇప్పుడు తయారవుతోంది, కూర్చోండి," అన్నారు రామచంద్రమూర్తి గారు. గోడ పక్కన ఏడు పలకలూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆదాంను చూపించి, ర్యాకు చేసింది ఈయనేనని, ఎవరి పాటలెన్నో తేలాక అడ్డపలకలు వేస్తాడని చెప్పారు.

ఆ సమయానికి టేపులో మిరపకోత పాట నడుస్తోంది. శేషాచలం గారు చివరికంటా విన్నారు. బాగా నచ్చినట్టుంది, సంచిలోంచి నోటుబుక్కు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. కలం మూత తీసి దీనమ్మను ఒకసారి చూసి, మాస్టారి వైపు తిరిగారు. "పాడింది ఈవిడేనా? ఈవిడ పేరేమిటండీ?"

"ఆమెనే అడగండి," అన్నారు రామచంద్రమూర్తి గారు.

శేషాచలం గారు కూర్చున్న చోటే చాప వైపు తిరిగి అడిగారు. దీనమ్మ చేతిలోని క్యాసెట్టు కింద పెట్టింది. పైట సర్దుకుంది. తర్వాత ఎక్కడా తడబడకుండా, ఇంటిపేరుతో సహా చెప్పింది.